ఏ కార్తెలో

హల్ నగరంలో ఒక రోడ్డు పేరు ఫ్రీటౌన్ వే.
అది ఫ్రీటౌన్‌కి వెళ్లదు.
నది మీది వంతెన దాకా వెళ్లి
అక్కడ పేరు మార్చుకుంటుంది.

ఆ రోడ్డు పక్క సందులో మా మందుల షాపు.
వెనకగదిలో నేను
ప్రయాణాల టీకాలు వేస్తాను.

ఎప్పుడు వెళ్తే మంచిదని అందరూ అడుగుతారు.
నాకో పట్టిక ఉంది, తెర మీద.
డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పసుపు గళ్లు,
మే నుంచి నీలం, రాను రాను ముదురు,
ఆగస్టు దాదాపు నలుపు.
దాని మీద వేలు పెట్టి
"ఇదొక్కటీ వద్దు" అంటాను
వర్జ్యం చూసి చెప్పే పంతులు గొంతుతో.

ఒనికే కోకర్‌కీ అదే చెప్పాను.
అరవై ఎనిమిదేళ్లు.
హెస్సిల్ రోడ్డు చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు,
జులైలో కూడా లోపల చలికాలమే,
కాడ్ ముళ్లు తీసిన వేళ్లు
ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.
చెయ్యి పైకి మడిచి, ఎడమ భుజం నాకిచ్చి,
తెర వంక చూసి నవ్వింది.

"డిసెంబరులో మూడుసార్లు వెళ్లొచ్చానమ్మాయ్.
డిసెంబరు ఊరు చుట్టాల కోసం పౌడరు రాసుకుంటుంది.
లమ్లీ బీచిలో కుర్చీకి అద్దె, నీడకి వేరే అద్దె.
ఎడారి దుమ్ము గాలికి పెదాలు పగిలి
నవ్వితే నెత్తురు.
లండన్ నుంచి దిగినవాళ్లంతా
ఒకరి సూటుకేసులు ఒకరు లెక్కపెట్టుకుంటారు.
మా వాకిట్లోనే నన్ను కూర్చోబెట్టి,
నీళ్లసీసా మూత తీసిచ్చి,
ఎన్నాళ్లుంటావు అని అడిగారు."

సూది గుచ్చాను. ఆమె కదల్లేదు.

"ఊరి నడుమ బూరుగు మాను కూడా పోయింది,
ఒక్క గాలివానకి.
చూడ్డానికని ఏమీ లేదిక. వినడానికెళ్తున్నా.
ఆగస్టు, రాత్రి రెండింటికి, కిస్సీలో
మా చెల్లి యేమా ఇంటి రేకుల కింద
ఎవరి మాటా ఎవరికీ వినపడదు.
పోట్లాటలు మధ్యలో ఆగిపోతాయి.
అప్పులవాడు రాడు.
నలుగురం ఒకే చాప మీద
కారని మూల కోసం జరుగుతూ, జరుగుతూ..."

ప్లాస్టిక్ కుర్చీలోనే జరిగి చూపించింది.
దూది పట్టుకున్న నా చెయ్యి కూడా జరిగింది.

బయట హల్ వాన పడుతోంది.
ఇది వానో కాదో తెలియాలంటే
కోటు తడిమి చూసుకోవాలి.

మా వైపు వానలకి కార్తెల పేర్లుంటాయని చెప్పబోయాను.
రోహిణిలో రోళ్లు పగిలాక మృగశిర వస్తుందని,
ఆరుద్రలో పురుగులు ఎర్ర మఖమల్ తొడుక్కుని తిరుగుతాయని.
ముసురు అన్న మాటకి
ఈ దేశంలో మాట దొరక్క పన్నెండేళ్లయింది.
"మూడు రోజులు గుమ్మం దాటనివ్వని వాన" అన్నాను.
"మూడేనా?" అందామె, జాలిగా.

నేను కాకినాడ వెళ్లేది ఎప్పుడూ డిసెంబరులోనే.
ఉక్క ఉండదు, దోమలు తక్కువ.
మా వదిన బీరువాలోంచి కొత్త దుప్పటి తీస్తుంది,
కాఫీ గ్లాసు కింద సాసరు పెడుతుంది.
ఆ సాసరు చప్పుడు
ఇవాళ ఇక్కడ వినపడింది.

ముందు రెండు రోజులు, అక్కడ ఇరవై ఒకటి,
వచ్చాక ఏడు:
ముప్పై మలేరియా మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేశాను.
దోమతెర మర్చిపోవద్దన్నాను.
రేవు దాటే పడవలో లైఫ్ జాకెట్ అన్నాను.
ఈ టైఫాయిడ్ టీకా మూడేళ్లు పనిచేస్తుందన్నాను.
"మూడు ఆగస్టులు" అంది,
బొత్తాం పెట్టుకోలేని వేళ్లతో
బొత్తాం పెట్టుకుంటూ.

తర్వాతి మనిషి బాంజుల్ వెళ్తున్నాడు.
ఎప్పుడు వెళ్తే మంచిది, అన్నాడు.
నల్లటి గడి మీదికి వెళ్లిన వేలు
కాసేపు అక్కడే ఉండిపోయింది.
"అక్కడ మీకెవరైనా ఉన్నారా?"
"లేరు."
"అయితే డిసెంబరు."